దీపం కొండెక్కిందన్న మాట

నకరికల్లు,
9 జూన్ 2025.

షఫీక్ అన్నయ్య గారికి,

కవరు మీద నా చేతిరాత చూసి మీరు ముందు కంగారు పడతారు. పడకండి. మీ బావ బీపీ బిళ్ళలు వేసుకుంటూ, నా కూరలకు వంకలు పెడుతూ బాగానే తిరుగుతున్నారు. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ ఊరి పోస్టాఫీసులో కూర్చుని అందరి ఉత్తరాలకూ ముద్రలు కొట్టాను గానీ, రిటైరయ్యాక నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. ఫోను చేద్దామంటే ఇప్పుడు మీకు ఫోనులో మాట వినపడటం లేదని మీ సైమా చెప్పింది. మెసేజి పెడదామంటే మా ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోనూ మీ బావ జేబులో ఉంటుంది. ఈ సంగతి ఆయనకు తెలియకూడదు.

ఆ పసుపు విమానం ఇచ్చేస్తారట. మీరిద్దరూ మా వరండాను రెండేళ్ళు ఆక్రమించుకుని చేసిన పెట్రోలు ఇంజను బొమ్మ విమానం. ఫిజిక్సు మేష్టారు ఒకరు, మందు కొట్టే స్ప్రేయర్ల మెకానిక్కు ఒకరు, ఇద్దరికీ యాభై దాటాక పుట్టిన బిడ్డ అని నేను ఎగతాళి చేసేదాన్ని. మీ చేతికి దెబ్బ తగిలిన రోజు దాన్ని అటక ఎక్కించి, నాలుగున్నరేళ్ళుగా తల ఎత్తి అటు చూడని మనిషి, పోయిన వారం నరసరావుపేట ఇంజనీరింగు కాలేజీ నుంచి రోహిణి అనే మేడమ్ వచ్చి అడగ్గానే సరేనన్నారు. దసరాకు తీసుకుపోతారు. వాళ్ళు షోకేసులో పెట్టుకుంటారని ఆయన అనుకుంటున్నారు.

దింపి దుమ్ము దులిపే పని నాకు పెట్టారు. తుడుస్తూ చూస్తే ఇంజను స్విచ్చు పక్కన శనగగింజంత చిల్లు. అక్కడ ఎర్ర లైటు ఉండేది కదా. స్విచ్చు వేస్తే వెలిగేది. అది వెలుగుతున్నప్పుడు ముందున్న ప్రొపెల్లర్ దగ్గరికి చెయ్యి పోనివ్వకూడదని, నేను టీ గ్లాసులు తెచ్చినప్పుడల్లా మీరే చెప్పేవారు. ఇప్పుడు అక్కడ రెండు వైరు ముక్కలు తప్ప ఏమీ లేవు. ఆయన్ని అడిగితే, ఊడిపోయిందని చెప్పి పేపరు అడ్డం పెట్టుకున్నారు.

ఇంట్లోంచి పంపే వస్తువును పన్ను ఊడిన మొహంతో పంపడం నాకు ఇష్టం లేదు. అలాంటి లైటు ఎక్కడ దొరుకుతుందో, ఎలా పెట్టాలో రాయండి. జవాబు మా ఇంటికి కాకుండా పోస్టాఫీసులో కావ్య పేరు మీద పంపండి. నా తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన పిల్ల. నోరు విప్పదు.

మీరు మా ఇంటికి ఎందుకు రావడం లేదని నేను ఈ ఉత్తరంలో అడగడం లేదు. అది వేరే ఉత్తరం.

మీ చెల్లెలు,
ఝాన్సీలక్ష్మి


మాచర్ల,
18 జూన్ 2025.

ఝాన్సీ చెల్లెమ్మకు,

ఉత్తరం అందింది. అందరం బాగున్నాం. మీ వదిన తస్లీమ్‌కు మోకాళ్ళ నొప్పులు తగ్గాయి. షాపులో పని ఎక్కువగా ఉంది.

లైటు చానా చిన్న సంగతి. షోకేసులో పెట్టేదానికి లైటు అక్కర్లేదు. చిల్లు మీద పసుపు రంగు స్టిక్కరు అంటిస్తే తెలియదు. దాని కోసం శ్రమ పడవద్దు. మేష్టారు గారిని అడిగానని చెప్పనవసరం లేదు.

షఫీక్

ఝాన్సీ అత్తమ్మా, కింద రాస్తున్నది సైమాని. పై ఉత్తరం నాన్న చెప్తే నేను రాశాను. కుడి చేతికి రెండు వేళ్ళు లేవు కాబట్టి రాయలేనన్నాడు. అది అబద్ధం. ఎడమ చేత్తో షాపులో బిల్లులు తనే రాస్తాడు, ఆ రాత మీరు చూడటం ఇష్టం లేదు. మూడు కాగితాలు చింపించాడు. మూడింటిలోనూ "బావ" అని చెప్పి, మళ్ళీ కొట్టేసి "మేష్టారు గారు" అని రాయమన్నాడు. ఆయన్ని నాన్న మేష్టారు గారు అనడం నేను పుట్టాక ఎప్పుడూ వినలేదు.

దెబ్బ తగిలిన తర్వాత మామయ్య మా షాపుకు రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ నాన్న సగం దించిన షట్టరు వెనక కూర్చుని, లేడని చెప్పమన్నాడు. నేనే చెప్పాను. మామయ్య షట్టరు కింద నుంచి నాన్న చెప్పులు చూశారు. చూసి కూడా, "వచ్చాక చెప్పమ్మా" అని వెళ్ళిపోయారు. ఆ అబద్ధం నాకు ఇంకా గుచ్చుకుంటోంది. మీరు మాత్రం ఉత్తరాలు ఆపకండి.


నకరికల్లు,
5 జూలై 2025.

షఫీక్ అన్నయ్య గారికి,

స్టిక్కరు అంటించమన్నారు. ముప్పై ఏళ్ళు పిల్లల స్కూటర్ల నుంచి కరెంటు మోటార్ల వరకు ఏ వస్తువు వచ్చినా, "పని పూర్తి కాకుండా షాపు దాటదు" అని కస్టమర్లను గంటలు గంటలు కూర్చోబెట్టిన మనిషి రాయవలసిన మాటేనా అది? సరే, మీ మీద కోపం పక్కన పెట్టి రెండు సంగతులు చెప్తాను.

మొదటిది. రోహిణి మేడమ్ మళ్ళీ ఫోను చేసింది. ఈయన స్నానంలో ఉంటే నేను తీశాను. షోకేసు మాట లేదట. పిల్లల చేత ఇంజను స్టార్టు చేయిస్తుందట, క్లాసుకు నలభై మంది. ఎంతో సంతోషంగా చెప్పింది పాపం. లైటు లేని స్విచ్చు ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో ఆ పిల్లలకు ఏం తెలుస్తుంది? మీ చెయ్యి నేను ఆ రోజు నా చీర కొంగుతో చుట్టాను, అన్నయ్యా. ఇంకొకరి చెయ్యి అలా చూడలేను. ఈయనకు చెప్తే ఆ ఇంజను ఊడదీసి పాత సామాన్ల వాడికి వేసేస్తారు. అదీ నాకు ఇష్టం లేదు. మీ ఇద్దరికీ మిగిలింది అదొక్కటే. అది పోతే, ఇద్దరూ ఒకే చోటికి రావడానికి ఇంకేం కారణం ఉంటుంది?

రెండోది. ఆ లైటు దొరికింది. ఊడిపోయిందన్నారు గానీ, ఎక్కడికీ పోలేదు. ఆయన పాత కళ్ళజోడు పెట్టెలో, గుడ్డముక్క కింద ఉంది. ఎందుకు దాచారో నాకు అంతుపట్టలేదు. దూదిలో చుట్టి ఇందులో పెడుతున్నాను. బాగుచేయగలిగితే బాగుచేయండి, లేకపోతే అలాంటిదే పంపండి.

ఇంకొకటి కూడా రాయాలనిపిస్తోంది. మీ బావ ఈ నాలుగేళ్ళలో మాట తగ్గించేశారు. ఇదివరకు దేవుడి దగ్గర దీపంలో నూనె అయిపోతే వరండాలోంచే కేకేసి చెప్పేవారు. ఇప్పుడు వంటింట్లోకి వచ్చి నా భుజం తట్టి, వేలితో అటు చూపిస్తారు. అంతే. నోటితో చెప్పరు. వయసు మీద పడిందని సరిపెట్టుకున్నాను.

ఈసారి సైమా చేత రాయించకండి. మీ రాత ఎలా ఉన్నా నేను చదువుకోగలను. ఈ ఊళ్ళో డాక్టరు గారి చీటీలు కూడా నేనే చదివి పెట్టేదాన్ని.

ఝాన్సీలక్ష్మి


మాచర్ల,
24 జూలై 2025.

చెల్లెమ్మా,

ఇవి నా గీతలే. ఎడమ చేత్తో రాస్తే లైను కొండవీటి మెట్లలాగా పైకి పోతోంది. ఓపికగా చదవండి.

మీరు పంపిన లైటు మూడు రోజులు గల్లాపెట్టెలో పెట్టుకుని చూశాను. మీకు ఒక మాట చెప్పాలి. తస్లీమ్‌కు కూడా చెప్పలేదు.

ఆ రోజు ఏం జరిగిందో మీరు చూడలేదు, ఇంట్లో ఉన్నారు. పత్తి పీకేసిన మీ చేలో విమానం పెట్టాం. ఇంజను ఒకసారి తిరిగి ఆగింది. పెట్రోలు ఎక్కువ తాగేసింది. అలాంటప్పుడు స్విచ్చు ఆపేసి, ప్రొపెల్లర్‌ను చేత్తో నాలుగు చుట్లు తిప్పి, ఎక్కువైన పెట్రోలు బయటికి పోనివ్వాలి. నేను ముందు వైపు వంగి ఉన్నాను. స్విచ్చూ లైటూ నాకు కనపడవు, అవి రెండో పక్క. బావ తోక పట్టుకుని ఆ పక్క కూర్చున్నాడు. నేను చెయ్యి చాస్తుంటే అన్నాడు, "షఫీకూ, దీపం కొండెక్కిందిరా."

దీపం ఆరిపోయింది అనే మాట మీ ఇంట్లో ఎవరూ అనరని నాకు తెలుసు. మా ఇంట్లోనూ అంతే. మా అమ్మ దీపం ఆర్పమని చెప్పాలంటే "చిరాగ్ బఢా దో" అనేది, దీపాన్ని పెంచమని. పెంచమంటే ఆర్పమని మాకు అర్థం. అందుకని బావ మాట నాకు కొత్తేమీ కాదు. కొండెక్కిందంటే ఆరింది. లైటు ఆరిందంటే స్విచ్చు ఆపాడు, ఇక చెయ్యి పెట్టొచ్చు అనుకున్నాను.

బావ చెప్పింది అది కాదు. స్విచ్చు ఆన్‌లోనే ఉంది, లైటు మాత్రం పాడైంది, దాన్ని నమ్మొద్దు అని చెప్పాడు. నేను ప్రొపెల్లర్ తిప్పాను. ఇంజను అందుకుంది.

ఆస్పత్రిలో బావ నా మంచం పట్టుకుని, "నా నోరే నీ వేళ్ళు తీసిందిరా" అని పసిపిల్లాడిలా ఏడ్చాడు. నేను ఊరుకున్నాను. అసలు తప్పు అదే.

ఎందుకంటే, అంతకు ముందు ఆదివారం ఆ లైటు కొత్తది వేసింది నేను. పెట్రోలు ఇంజను వణుకుతుంది. లైటు తీగ కాళ్ళు అతికాక వాటి మొదట్లో గమ్ చుక్క వేసి ఒక రోజంతా ఆరనివ్వాలి. లేకపోతే వణుకుడికి కాలు తెగిపోతుంది. మిరపకు మందు కొట్టే రోజులు, షాపు ముందు ఇరవై స్ప్రేయర్లు ఉన్నాయి. ఏం కాదులే అని గమ్ వేయకుండా వచ్చేశాను. మీరు పంపిన లైటు చూస్తే కాలు మొదట్లో తెగి ఉంది. గమ్ మరక కూడా లేదు. అది నా పని.

తప్పు నాదే అని మంచం మీదే చెప్పి ఉంటే సరిపోయేది. ఆ రోజు చెప్పలేదు. మర్నాడు ఇంకా కష్టమైంది. బావ షాపుకు వచ్చిన రోజు అతని మొహం చూడలేక షట్టరు దించాను. ఇప్పటికి నాలుగున్నరేళ్ళు. కోపంతో రావడం లేదని మీరంతా అనుకుంటున్నారు. కోపం ఉంటే ఎప్పుడో వచ్చి తిట్టి పోయేవాణ్ణి, చెల్లెమ్మా. సిగ్గు.

షఫీక్


నకరికల్లు,
6 ఆగస్టు 2025.

షఫీక్ అన్నయ్యా,

గారు తీసేశాను. ఇంత చెప్పుకున్నాక గారు ఎందుకు.

మీ ఉత్తరం పోస్టాఫీసు బెంచీ మీదే కూర్చుని చదివాను. కావ్య మంచినీళ్ళు ఇచ్చింది. ఇంటికి వచ్చి దేవుడి గూటి ముందు కూర్చున్నాను. ఇన్నాళ్ళూ ఆయన నా భుజం తట్టి వేలితో ఎందుకు చూపిస్తున్నారో అప్పుడు తెలిసింది. వయసు కాదు, మాట తగ్గడం కాదు. ఆ ఒక్క మాటే ఆయన నోట రావడం లేదు. కొండెక్కింది అనలేరు, అది మీ వేళ్ళు తీసిందని. ఆరిపోయింది అనలేరు, అది వాళ్ళ అమ్మ పెట్టిన నిషేధం. అందుకని నాలుగున్నరేళ్ళుగా మూగగా వచ్చి వేలు చూపిస్తున్నారు. నేను ఆయన మీద విసుక్కున్నాను కూడా, "నోరు పడిపోయిందా" అని. ఆ మాట గుర్తొచ్చి ఏడ్చాను.

ఏడ్చాక కోపం వచ్చింది. ఒకరు అక్కడ, ఒకరు ఇక్కడ, తప్పు నాదంటే నాదని మోసుకుంటూ కూర్చున్నారు. ఇద్దరూ కలిసి మోసి ఉంటే ఈపాటికి ఎక్కడో దింపేసేవారు. చదువుకున్నవాళ్ళు, చేతిలో పనితనం ఉన్నవాళ్ళు, ఎదురుగా కూర్చుని ఒక్క మాట అనుకోలేకపోయారు.

మీ ఉత్తరం ఆయనకు చదవనా? మీరు సరే అంటేనే.

లైటు పని మాత్రం నేనే చేస్తాను. నవ్వకండి. రిజిస్టరు పార్శిళ్ళ మీద లక్క కరిగించి చుక్క చుక్కగా వేసి సీలు కొట్టిన చెయ్యి నాది. ఒక్క చుక్క పక్కకు పోతే పై ఆఫీసు నుంచి మెమో వచ్చేది. ముప్పై ఏళ్ళలో ఒక్క మెమో రాలేదు. మీ టంకం కూడా లక్కలాంటిదే అనుకుంటున్నాను. సామాను పంపండి, ఎలా చేయాలో మా లాంటివాళ్ళకు అర్థమయ్యేట్టు రాయండి.

ఝాన్సీ


మాచర్ల,
19 ఆగస్టు 2025.

చెల్లెమ్మా,

బస్సు పార్శిల్లో డబ్బా పంపాను. నరసరావుపేట బస్టాండులో తీసుకోండి. అందులో మూడు ఎర్ర లైట్లు, మూడు రెసిస్టర్లు, టంకం తీగ, సోల్డరింగ్ ఐరన్, గమ్ ట్యూబు ఉన్నాయి. లైటు ఒక్కటే కావాలి, మిగతా రెండూ చెయ్యి అలవాటు కావడానికి.

ముందు ఇంజను ప్లగ్గు మీద టోపీ లాగి పక్కన పెట్టండి. అది తీయకుండా వేరే ఏదీ ముట్టుకోవద్దు. బ్యాటరీ కూడా తీసేయండి. లైటుకు రెండు కాళ్ళు ఉంటాయి. పొడుగు కాలు ఎర్ర వైరుకు, పొట్టి కాలు నల్ల వైరుకు. తిరగేస్తే వెలగదు, అంతే, భయం లేదు. పొడుగు కాలికీ ఎర్ర వైరుకూ మధ్య రెసిస్టరు పెట్టాలి. అది లేకుండా బ్యాటరీ కరెంటు నేరుగా ఇస్తే లైటు ఒక్కసారి మెరిసి మాడిపోతుంది. వైరును ముందు వేడి చేయండి, టంకాన్ని వైరు మీద కరగనివ్వండి. ఐరన్ మీద కరిగించి పూస్తే పట్టదు. ఇక్కడ లక్కకూ దీనికీ తేడా ఉంది.

చివరికి కాళ్ళ మొదట్లో గమ్ చుక్క. ఒక రోజంతా ముట్టుకోవద్దు. ఎంత తొందర ఉన్నా సరే. నేను చేయని పని అది, మీరు చేయండి.

నా ఉత్తరం బావకు చదవద్దు. అది నేనే చెప్పుకోవాలి. ఎప్పుడు చెప్తానో తెలియదు. కానీ నేనే చెప్పాలి. ఈ ఒక్క మాట నిలబెట్టండి.

సైమా ఎగతాళి చేస్తోంది, ఇంత వివరంగా షాపులో కుర్రాళ్ళకు ఎప్పుడన్నా చెప్పావా అని.

షఫీక్


నకరికల్లు,
13 సెప్టెంబరు 2025.

అన్నయ్యా,

మాట తప్పాను. ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా చదివి అప్పుడు తిట్టండి.

మొన్న ఈయన కంటి డాక్టరు దగ్గరికి నరసరావుపేట వెళ్ళారు. సాయంత్రానికి గానీ రారనుకుని వరండాలో పాత దుప్పటి పరిచి పని మొదలుపెట్టాను. మొదటి లైటు మాడిపోయింది, రెసిస్టరు మర్చిపోయాను. రెండోది కాళ్ళు తిరగేశాను. మూడోది అతుకుతుండగా డాక్టరు లేడని మధ్యాహ్నానికే వచ్చేశారు. సోల్డరింగు పొగ వాసన వీధి గేటు దగ్గరికే తగిలిందట. గుమ్మంలో నిలబడి చూశారు. దుప్పటి మీద విమానం, పక్కన మీ రాతతో ఉన్న కాగితం, చేతిలో ఐరన్‌తో నేను.

నేను ఏదో సంజాయిషీ చెప్పబోతే వినలేదు. చెప్పులు విప్పి, పక్కన చతికిలబడి, జేబులోంచి భూతద్దం తీసి నాకు కనపడేట్టు పట్టుకున్నారు. "లక్కలాగా పొయ్యమాకే, చుక్క చాలు," అన్నారు. అంతే. మిగతా పనంతా ఇద్దరం కలిసే చేశాం.

గమ్ వేసి ఒక రోజంతా ఆగాం. గంటకోసారి వెళ్ళి చూసి వచ్చేవారు గానీ ముట్టుకోలేదు. మర్నాడు బ్యాటరీ పెట్టి స్విచ్చు వేశాను. ఎర్రగా వెలిగింది. ఎంతసేపు చూశారో. నేను స్విచ్చు తీశాను, ఆరింది. ఆయన నోరు తెరిచి, ఏదో అనబోయి, అనలేక, వేలితో చూపించారు. నేను ఇక ఆగలేకపోయాను. లోపలికి వెళ్ళి మీ జూలై ఉత్తరం తెచ్చి చేతిలో పెట్టాను.

రెండుసార్లు చదివారు. ఆశ్చర్యపోతారనుకున్నాను. పోలేదు. మీ రాత మీద వేలు పెట్టి లైను వెంట పైకి తీసుకుపోయారు, చివరిదాకా. ఎడమ చేత్తో బాగానే రాస్తున్నాడే అన్నారు. ఇవాళ పొద్దున కాగితాలు అడిగారు. ఏం రాశారో నాకు చూపించలేదు. ముప్పై ఒక్క ఏళ్ళ పోస్టుమాస్టరుకు కవరు అంటించి మరీ ఇచ్చారు.

నా ఉత్తరంతో పాటే దాన్నీ పోస్టు చేస్తున్నాను.

మీ ఝాన్సీ


నకరికల్లు,
13 సెప్టెంబరు 2025.

ఒరేయ్ షఫీకూ,

నువ్వు గమ్ వేయలేదని నాకు ఆ రోజే తెలుసు.

నిన్ను ఆస్పత్రిలో ఉంచి, సాయంత్రం చేలోకి వెళ్ళి విమానం తెచ్చాను. లోపల పెడుతూ లైటు పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చింది. ముప్పై ఏళ్ళు ల్యాబులో తెగిన వైర్లు చూసినవాణ్ణి, కాలు ఎందుకు తెగిందో నాకు తెలియదా? అది అక్కడే ఉంటే, ఎప్పుడో ఎవరో రిపేరు చేయిస్తామని విమానం విప్పుతారు. విప్పినవాడు ఎవడైనా ముందు చూసేది అదే. షఫీక్ చేసిన పనే షఫీక్ వేళ్ళు తీసిందని ఒక మాట పుడుతుంది. మాచర్ల నుంచి వెల్దుర్తి దాకా నీ పనికి ఉన్న పేరు నాకు తెలుసు. నువ్వు చేసిన పని మళ్ళీ చూసుకోనక్కర్లేదని రైతులు అంటారు. ఆ పేరుకు మచ్చ రాకూడదని దాచాను. పాత కళ్ళజోడు పెట్టె ఎవరు తెరుస్తారులే అనుకున్నాను. పెళ్ళయి ముప్పై ఎనిమిదేళ్ళయినా నా భార్య సంగతి నాకు ఇంకా తెలియలేదు.

నీకు తెలియదేమో, తెలిస్తే కుంగిపోతావేమో అనుకుని నేను దాచాను. నాకు తెలియదనుకుని నువ్వు దాచావు. షట్టరు కింద నీ చెప్పులు చూసిన రోజు, వీడికి నా మీద కోపం ఎప్పటికీ పోదనుకుని బస్సెక్కాను. సిగ్గని తెలిసుంటే షట్టరు ఎత్తి లోపలికి వచ్చేవాణ్ణి.

గమ్ సంగతి వదిలెయ్. గమ్ లేకపోతే లైటు పాడవుతుంది, అంతవరకే. లైటు పాడైతే ఎవరి వేళ్ళూ తెగవు. పాడైందని సరిగ్గా చెప్పకపోతే తెగుతాయి. స్విచ్చు ఆన్‌లో ఉంది, చెయ్యి పెట్టొద్దు. ఇంతే చెప్పాలి. చెప్పడానికి టైము కూడా ఉంది. మా అమ్మ నేర్పిన మాట నోటికి ముందొచ్చింది. నీ వేళ్ళు పోయింది ఆ మాట వల్లే, అది మాత్రం నువ్వు కాదనకు.

అందుకని ఒక నిర్ణయం చేసుకున్నాను. ఇక మీదట ఇంజను దగ్గరైనా, దేవుడి దగ్గరైనా, దీపం ఆరిపోతే ఆరిపోయింది అనే అంటాను. చూడు, రాశాను కూడా. మా అమ్మ ఉంటే చెవి మెలేసేది. మెలేయనీ.

ఝాన్సీ అతికిన లైటును ముందు వైపుకు జరిపాను, ప్రొపెల్లర్ తిప్పేవాడికి ఎదురుగా కనపడేట్టు. మొదట్లోనే అలా పెట్టాల్సింది. 28వ తేదీ ఆదివారం రోహిణి మేడమ్ పిల్లల్ని తీసుకొస్తోంది. విమానం షోకేసుకు కాదని ఝాన్సీ ఇప్పుడు చెప్పింది, ఇంజను ఎలా స్టార్టు చేయాలో వాళ్ళకు ఒకసారి చూపించి ఇవ్వాలి. ఆ ప్రొపెల్లర్ మీద నీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడటం నాకు ఇష్టం లేదు. నువ్వు రాకపోతే ఇంజను ఊడదీసి ఉత్త విమానం ఇచ్చి పంపుతాను.

ఎనిమిది వేళ్ళు చాలు. రా.

వెంకట్రామయ్య


మాచర్ల,
20 సెప్టెంబరు 2025.

ఒరేయ్ బావా,

28వ తేదీ ఆదివారం పొద్దున మొదటి బస్సుకు వస్తున్నాను. తస్లీమ్, సైమా కూడా వస్తామంటున్నారు. చెల్లెమ్మ మాట తప్పినందుకు తిట్టాలి గానీ, రెండు రోజుల నుంచి తిట్టు దొరకడం లేదు. గోంగూర పచ్చడి చేసి పెడితే వదిలేస్తానని చెప్పు.

నీ ఉత్తరంలో ఆ ఒక్క మాట మీద ఇంకు పూసేశాను. పనిలో పనిగా చుట్టుపక్కల రెండు లైన్లు కూడా పోయాయి, ఎడమ చెయ్యి కదా. మీ అమ్మ చేతి అన్నం నేను తిన్నాను. నా కోసం స్టీలు పళ్ళెం వేరుగా పెట్టొద్దని మీ నాన్నతో పోట్లాడిన మనిషి ఆమె. ఆమె వద్దన్న మాట నా కోసం నువ్వు అనడం నాకొద్దు. హాయిగా కొండెక్కింది అనే అను. మా అమ్మ అన్నట్టు పెంచినా పెంచు.

ఏ మాట అన్నా నాకు ఒకటే. సైమా చెప్పిందో లేదో, ఇంజను తిరుగుతుంటే నాకు ఇప్పుడు మనిషి మాట అసలు వినపడదు. పక్కన నిలబడి అరిచినా పెదాలు కదలడమే కనపడుతుంది. ఇన్నేళ్ళ స్ప్రేయర్లు చెవులు తినేశాయి. ఆ లైటు నాకు ఎదురుగా పెట్టి మంచి పని చేశావు. లైటును నేను చూసుకుంటాను.

నువ్వు ఒక్క పని చెయ్. తోక దగ్గర కూర్చోమాక. తోక పట్టుకోవడానికి ఆ పిల్లల్లో ఎవరినైనా పెట్టు. నువ్వు వచ్చి స్విచ్చు పక్కన, నాకు దగ్గరగా నిలబడి, నా భుజం మీద చెయ్యి వెయ్యి. చెయ్యి ఉన్నంతసేపూ నేను ప్రొపెల్లర్ ముట్టుకోను. స్విచ్చు ఆపావని నీ కళ్ళతో చూసుకుని, నమ్మకం కుదిరాక, అప్పుడు తియ్యి. ఇక మనకు మాటలతో పని లేదు.

తొందరపడి మాత్రం తియ్యమాక. నాలుగున్నరేళ్ళయింది, కాసేపు ఉండనీ.

నీ షఫీక్